విలియం లాంబ్టన్

విలియం లాంబ్టన్ (మరణం: జనవరి 1823) బ్రిటిషు సైనికాధికారి, భూమాపకుడు. భారత మహా త్రికోణమితీయ సర్వేకు ఆద్యుడు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకు వస్తాయన్న సూత్రంతో ఇతడు దక్షిణ భారతదేశాన్ని కొలిచాడు.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైరులో సామాన్య కుటుంబంలో జన్మించాడు. సైన్యంలో చేరి కొంతకాలం ఉత్తర అమెరికాలో పనిచేశాడు. తరువాత 33వ రెజిమెంటుతో భారతదేశానికి వచ్చి, 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ యుద్ధం ముగిశాక సర్వే ప్రతిపాదన చేశాడు.

కొలత పద్ధతి

1802లో మద్రాసు వద్ద సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఎండకు గొలుసు సాగుతుంది కనుక ఉష్ణమాపకాలు ఉంచి, ఆ తేడాను సవరించాడు. రేఖ రెండు కొసల నుండి దూరపు గుర్తు ఒకదానిని థియోడొలైటుతో చూసి కోణాలు తీసుకుంటే, సైన్ సూత్రం వలన తెలియని భుజాలు తేలుతాయి. అలా తేలిన భుజమే తరువాతి త్రిభుజానికి ఆధారం. నిలువు కోణాన్ని కొలిస్తే ఎత్తు కూడా తెలుస్తుంది. ఎక్కడానికి వీలుకాని శిఖరాల ఎత్తును కనుగొనడానికి ఈ పద్ధతి తగినది.

అయితే ఒక కోణంలో దొర్లిన తప్పు ఆ తరువాతి త్రిభుజాలన్నిటికీ పాకుతుంది. అందువలన లాంబ్టన్ చాలా దూరం సాగిన తరువాత మళ్ళీ కొత్త ఆధారరేఖను నేలమీద కొలిచి, లెక్కతో సరిచూసుకునేవాడు. గుత్తి వద్ద 1811లో కొలిచిన రేఖ అటువంటిదే. 1808లో తంజావూరు ఆలయ గోపురం పైకి చేరుస్తుండగా, సుమారు అర టన్ను బరువున్న థియోడొలైటు గోడకు కొట్టుకుని దెబ్బతిన్నది. లాంబ్టన్ వారాల తరబడి శ్రమించి దానిని తానే బాగుచేశాడు.

మద్రాసు నుండి మంగుళూరుకు దూరం పాత పటాలలో చూపినదానికంటే సుమారు 40 మైళ్ళు తక్కువని ఈ సర్వేలో తేలింది.

తెలుగు ప్రాంతంలో

1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరాడు. వానలు కడిగిన గాలిలో దూరపు గుర్తులు స్పష్టంగా కనబడతాయి. జ్వరాలు ప్రబలే కాలమూ అదే. 1819లో కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవులలో ఎవరెస్టుతో పాటు అతని బృందంలో చాలామంది జ్వరం పాలయ్యారు, కొందరు మరణించారు. గొలుసు లాగి, జెండాలు మోసి, కొండ కొమ్ములపై చెట్లు నరికిన ఆ పనివారిలో చాలామంది పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

మరణం

హైదరాబాదు నుండి నాగపూరుకు వెళ్తూ, దారిలో హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించాడు. సమాధి అక్కడే ఉంది. మిగిలిన పనిని ఎవరెస్టు హిమాలయాల పాదాల వరకు కొనసాగించాడు. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు.