డైసీలు చూస్తూ నిలబడ్డ కుర్రాడు

(1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు)

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ మన బడి రోజుల గురించే రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చింపేశాను. రాస్తున్నంతసేపూ ఒక పెన్సిల్ బొమ్మ కళ్ళ ముందు కదులుతూనే ఉంది. అందుకని ఆ బొమ్మలోని మనిషి గురించే రాస్తున్నాను. చివర్లో మన బడికి తిరిగి వస్తాను.

బేగంపేటలో చదువుకున్నవాళ్ళకి శాస్త్రవేత్త అనగానే రోనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన భవనం మన పాత విమానాశ్రయం దగ్గరే ఉంది. నేను చెప్పబోయే ఆయన బేగంపేటకి ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడికి కూతవేటు దూరంలో, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల కింద తిరిగే పిల్లలంతా ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నారు. ఆయన అలన్ ట్యూరింగ్. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాడిగా, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పినవాడిగా లోకం ఆయన్ను ఎరుగును. జీవితంలో చివరి మూడేళ్ళూ ఆయన మనసు పెట్టిన పని మాత్రం మా ఇంజనీర్లలోనే చాలామందికి తెలియదు. చామంతి కుటుంబం పూల తలలు అలా ఎందుకు అమరుతాయో తేల్చాలని ఆయన కూర్చున్నాడు.

ఆయన కుటుంబానికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశాడు. అలన్ పుట్టేనాటికి ఆయన ఉద్యోగం గంజాం జిల్లా ఛత్రపురంలో. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. తల్లి సారా తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీద వంతెన కట్టించిన వాళ్ళలో ఒకడు. చప్పుడు చేయని పంకా చక్రం ఒకటి తయారుచేసి దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. మనవడి బుర్ర ఎక్కడి నుంచి వచ్చిందో ఇంజనీర్లకి వేరే చెప్పక్కర్లేదు.

తండ్రి సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు, 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు. మన ఎండలూ జబ్బులూ పిల్లలకి పడవని, అన్ననీ తమ్ముణ్ణీ అక్కడే ఒక రిటైరైన సైనికాధికారి ఇంట్లో వదిలి తల్లిదండ్రులు మళ్ళీ ఇండియా ఓడ ఎక్కారు. అమ్మా నాన్నా ఉన్నా, వాళ్ళు ఏళ్ళ తరబడి ఎక్కడో సముద్రం అవతల. ఆ పిల్లవాడి బాల్యం అలా గడిచింది.

ఇక ఆ బొమ్మ సంగతి. 1923లో, అలన్‌కి పదేళ్ళప్పుడు, తల్లే దాన్ని గీసి అతని బడిలో పిల్లల్ని చూసుకునే మేట్రన్‌కి పంపింది. మైదానంలో పిల్లలు హాకీ కర్రలతో బంతి వెంట పడుతుంటారు. ఒక్కడు మాత్రం కర్ర పట్టుకుని, నడుం వంచి, గడ్డిలో డైసీ పూలను చూస్తుంటాడు. డైసీలు పెరగడం చూస్తున్నాడని కింద సరదాగా రాసింది. కొడుకు ముప్ఫై ఏళ్ళ తర్వాత సరిగ్గా అదే పని చేస్తాడని ఆ తల్లి ఊహించి ఉండదు.

పెద్ద బడిలో చేరాల్సిన రోజు, 1926లో, ఇంగ్లండు అంతటా సమ్మె. రైళ్ళు లేవు. పద్నాలుగేళ్ళు కూడా నిండని కుర్రాడు దాదాపు 100 కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ, దారిలో ఒక రాత్రి ఆగి, బడికి చేరాడు. అంత పట్టుదల ఉన్నవాడితో ఆ బడికి ఏం చేయాలో తోచలేదు. దస్తూరీ బాగోదు, నోటు పుస్తకాల నిండా సిరా మరకలు, లాటిన్ రాదు. ఒట్టి సైన్సే కావాలనుకుంటే ఇలాంటి బడిలో అతను కాలం వృథా చేసుకుంటున్నట్టేనని ప్రధానోపాధ్యాయుడు తేల్చేశాడు. ఆ బడిలో అతన్ని అర్థం చేసుకున్న స్నేహితుడు ఒక్కడే, క్రిస్టఫర్ మోర్కమ్. ఇద్దరూ నక్షత్రాలు, రసాయనాలు, లెక్కల గురించి మాట్లాడుకునేవారు. 1930 ఫిబ్రవరిలో క్షయతో క్రిస్టఫర్ చనిపోయాడు. అతను చేయాల్సిన పని కూడా తనే చేయాలని అలన్ మనసులో పెట్టుకున్నాడు.

తర్వాతి ఇరవై ఏళ్ళ కథ అందరికీ తెలిసిందే కనుక త్వరగా చెబుతాను. కేంబ్రిడ్జిలో చదివి, 22 ఏళ్ళకే అక్కడ ఫెలో అయ్యాడు. 1936లో రాసిన పత్రంలో, ఏ లెక్కనైనా చేయగల ఒకే యంత్రాన్ని కాగితం మీద ఊహించాడు. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోన్ల దాకా అన్నిటికీ మూలం అది. 1939 సెప్టెంబరు నుంచి బ్లెచ్లీ పార్కులో ఎనిగ్మా సంకేతాల మీద పనిచేశాడు. అక్కడ తోటి గణితజ్ఞురాలు జోన్ క్లార్క్‌కి బడిలో చదివిన వృక్షశాస్త్రం గుర్తుంది. యుద్ధం మధ్యలో తీరిక దొరికితే ఇద్దరూ పచ్చికలో డైసీలను పరీక్షగా చూసేవారు. ఇంకొక ముచ్చట. చిన్నప్పుడు హాకీ బంతి దగ్గరికి పోని ఈ మనిషే 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో పరుగెత్తాడు. ఆటలు రానివాడని అతని మీద వేసిన ముద్ర కూడా తప్పేనన్నమాట.

ఇప్పుడు పూల దగ్గరికి వద్దాం. చామంతిని మనం ఒక పువ్వు అంటాం. నిజానికి అది వందల పూలు పేర్చిన ఒక బుట్ట. నడుమ పసుపు దిమ్మెలో ఉన్న ప్రతి చిన్న గొట్టమూ ఒక పువ్వే, వాటిని బింబ పుష్పకాలంటారు. అంచున రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు. ఒక్కో రేకూ విడిగా ఒక్కో పువ్వు. మన బతుకమ్మలో పేర్చే బంతి, చామంతి, నూనె గింజల పొద్దుతిరుగుడు, అన్నీ ఈ కుటుంబమే. ఇంగ్లండు పచ్చికలో డైసీ ఎలాగో మన మైదానం అంచున గడ్డి చామంతి అలాగ. అదే, మనం పలకలు తుడవడానికీ, మోకాలు గీరుకుపోతే పసరు పిండడానికీ కోసిన మొక్క. దాని పసుపు తల చుట్టూ సాధారణంగా ఐదు కిరణ పుష్పకాలు, ఒక్కోదాని కొసన మూడు నొక్కులు ఉంటాయి.

పొద్దుతిరుగుడు తలలో గింజల వరుసలు సుడులుగా తిరుగుతాయి. ఒక వైపు తిరిగేవి లెక్కపెడితే 34, రెండో వైపు 55. పెద్ద తలల్లో 55, 89. ఇవి 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89 అనే వరుసలోవి. ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తుంది. పాశ్చాత్యులు దీన్ని 1202లో పుస్తకం రాసిన ఫిబొనాచీ పేరుతో పిలుస్తారు. అంతకు ముందే మన దేశంలో హేమచంద్రుడు, లఘువు గురువులతో ఎన్ని రకాల పాదాలు కుదురుతాయో లెక్కిస్తూ ఇవే అంకెలు చెప్పాడు. ఈ వరుసకి మరో లక్షణం ఉంది. పెరిగే తలలో ప్రతి కొత్త పూమొగ్గా ముందుదానికి దాదాపు 137.5 డిగ్రీల పక్కన పుడితే, సుడులు ఈ అంకెలకే వస్తాయి. మొక్కకి కోణమానిని లేదు, లెక్కలూ రావు. మరి ఆ కోణం ఎవరు కొలుస్తున్నారు?

ట్యూరింగ్ పట్టుకున్న ప్రశ్న ఇది. ముగ్గు వేసే చెయ్యి లేకుండా ముగ్గు ఎలా పడుతుంది? 1952 ఆగస్టులో రాయల్ సొసైటీ అచ్చువేసిన పత్రంలో ఆయన ఒక జవాబు ఇచ్చాడు. కణజాలంలో రెండు రసాయనాలున్నాయనుకోండి. ఒకటి ఎదుగుదలను రేపుతుంది, రెండోది ఆపుతుంది. ఆపేది రేపేదానికంటే వేగంగా వ్యాపిస్తుంది. అప్పుడు ఎక్కడో పుట్టిన చిన్న హెచ్చు పెరిగి పెరిగి చుక్క అవుతుంది, తన చుట్టుపక్కల ఇంకో చుక్క రాకుండా ఆపుతుంది. కొంత దూరం పోయాక మరో చుక్క లేస్తుంది. నీళ్ళలో సిరా చుక్క వేస్తే వ్యాపించి చెదిరిపోవడమే మనకి తెలుసు. వ్యాపనమే నమూనాను పుట్టించగలదని చెప్పింది ట్యూరింగ్. వార్షికోత్సవంలో మైకు కీచుమంటే మనం పరుగున వెళ్ళి ఆపేవాళ్ళం. చిన్న హెచ్చు తనంతట తానే పెరిగిపోవడమంటే ఇంజనీరుకి భయం. పువ్వుకి పుట్టుక అందులోనే ఉందని ఆయన చూశాడు.

ఆ తర్వాత డైసీ తల మీదే కూర్చున్నాడు. తల పెరుగుతున్నకొద్దీ సుడుల జంట 2, 3 నుంచి 3, 5కీ, అక్కడి నుంచి 5, 8కీ ఎందుకు జరుగుతుందో, దారి ఎందుకు తప్పదో రుజువు చేయాలని ప్రయత్నం. మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి 1951లో వచ్చిన ఫెరాంటీ కంప్యూటర్ మీద రాత్రుళ్ళు లెక్కలు వేయించి, యంత్రం అచ్చుకొట్టిన అంకెల మీద చేత్తో గీతలు గీసి చుక్కల పటాలు తయారుచేసేవాడు. కంప్యూటర్‌ని జీవశాస్త్రానికి వాడిన మొదటివాళ్ళలో ఆయనొకడు.

ఆ పని ఎలాంటి రోజుల్లో జరిగిందో కూడా చెప్పాలి. 1952 మొదట్లో ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులకి ఫిర్యాదు చేశాడు. విచారణలో, తనకి ఒక యువకుడితో ఉన్న సంబంధాన్ని దాచకుండా చెప్పాడు. అప్పటి ఇంగ్లండు చట్టంలో అది నేరం. జైలుకి బదులు ఏడాదిపాటు హార్మోన్ల చికిత్సకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ రహస్య పనులకి దూరం పెట్టారు. దేశాన్ని కాపాడిన పని అప్పటికి రహస్యం కనుక, ఆయన తరఫున ఆ మాట బయటికి చెప్పగలిగినవాళ్ళు లేరు. పరాయి దేశం సంగతి కదా అనుకోవడానికి లేదు. మన దగ్గర ఆ చట్టం పట్టు సడలింది 2018లోనే.

1954 జూన్ 7న సైనైడ్ వల్ల ఆయన మరణించాడు. 41 ఏళ్ళు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. ఇంట్లో చేసుకునే రసాయన ప్రయోగాల్లో జరిగిన ప్రమాదమని తల్లి చివరిదాకా నమ్మింది. డైసీ తల గురించిన కాగితాలు అసంపూర్తిగా మిగిలాయి. 1992లో గానీ అవి పుస్తకంగా రాలేదు. ఆయన చెప్పిన తరహా నమూనాలు 1990లో రసాయన ప్రయోగంలో కనిపించాయి. మొక్కల్లో కొత్త మొగ్గ చోటును నిర్ణయించడంలో ఆక్సిన్ అనే హార్మోను ముఖ్యమని తర్వాతివాళ్ళు కనుక్కున్నారు. అది కదిలే పద్ధతి ఆయన ఊహించినదానికి కొంత భిన్నం. అయినా ప్రశ్న అడిగిన తీరు ఆయనదే. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పాడు, 2013లో క్షమాభిక్ష వచ్చింది. 2012లో, ఆయన శతజయంతికి, మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం పిలుపు మీద జనం పొద్దుతిరుగుడు పెంచి సుడులు లెక్కపెట్టారు. 657 తలల లెక్కలు అచ్చయ్యాయి. ఎక్కువ వాటిలో ఆ వరుస అంకెలే, కొన్నింట్లో కావు. ఆ కొన్ని ఎందుకు తప్పుతాయన్నది ఇంకా పని చేయాల్సిన ప్రశ్నే. 2021లో ఆయన బొమ్మతో వచ్చిన 50 పౌండ్ల నోటు మీద పొద్దుతిరుగుడు తల గుర్తు కూడా వేశారు.

ఇక మన బడి. మా క్లాసులో ఒకడుండేవాడు. ఆటల పీరియడ్‌లో ప్రహరీ గోడ పక్కన గడ్డి చామంతులు కోసి, రేకలు తీసి వరుసగా పెట్టుకుంటూ కూర్చునేవాడు. అప్పుడు మా జట్టుకి కెప్టెన్‌ని నేను. గడ్డిగాడని పేరు పెట్టింది నేనే. ఏడాదంతా క్లాసు మొత్తం అలాగే పిలిచింది. తొమ్మిదో తరగతి అయ్యాక వాడు వేరే ఊరు వెళ్ళిపోయాడు. వాడేం లెక్కపెడుతున్నాడో ఒక్కరోజు కూడా నేను అడగలేదు. నలభై ఏళ్ళకి ఆ హాకీ బొమ్మ చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ట్యూరింగ్ కాదు, వాడే.

ఒరేయ్, ఈ సంచిక ఎలాగైనా నీ చేతికి వస్తే, తప్పు నాది. స్వర్ణోత్సవానికి రా. ఇప్పుడు అడుగుతాను.

టీచర్లకీ, సార్లకీ ఒక చిన్న మనవి. పిల్లలతో ఒక పీరియడ్ పూలు లెక్కపెట్టించండి. గుడిమల్కాపూర్ మార్కెట్ ముద్దబంతి అందుకు పనికిరాదు, అందులో పుష్పకాలు దాదాపు అన్నీ రేకులైపోయి కలగలిసి ఉంటాయి. ఒంటిరెక్క చామంతి గానీ, గింజ కట్టిన పొద్దుతిరుగుడు గానీ తీసుకోండి. మొదలుపెట్టిన వరుస మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. అందరూ లెక్కపెట్టి బంతి ఆటకి పరుగెత్తాక కూడా ఇంకా ఒకడో ఒకతో అక్కడే కూర్చుని ఉంటే, గంట కొట్టినా కాసేపు లేపకండి.