డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ

తరగతిలో నిమిషమైనను నిలుకడగా కూర్చుండలేని బాలుడొక్కడైనను లేని పాఠశాల యరుదు. అట్టివానిని కొంటెవాడనియు, సోమరియనియు నిందించుట మనకు అలవాటు. అట్టి బిడ్డలకు మేలు చేసిన యొక వైద్యుని చరిత్రమిది.

చార్లెస్ బ్రాడ్లీ 1902వ సంవత్సరమున అమెరికాదేశమున జన్మించెను. ఆయనకు తాత వరుసయగు జార్జి బ్రాడ్లీ ధనవంతుడు. జార్జి యేకైకపుత్రిక ఎమ్మా యేడవయేట మెదడువాపు వ్యాధి సోకి, ఎన్నటికిని కోలుకొనలేదు. ఆమెవంటి బిడ్డల చికిత్సకొరకు తన యాస్తిని వినియోగింపవలెనని వీలునామా వ్రాసి, ఆ తండ్రి 1906లో మరణించెను. ఆ ధనముతో 1931లో రోడ్ ఐలండు రాష్ట్రమందలి ఈస్ట్ ప్రావిడెన్సు పట్టణమున బాలవైద్యాలయము వెలసెను. పిల్లలచ్చటనే నివసించి, వైద్యము పొందుచు, చదువుకొనుచుండిరి. హార్వర్డులో వైద్యవిద్య నభ్యసించిన చార్లెస్ కొలదికాలమునకే దానికి అధిపతియయ్యెను.

ఆ దినములలో మెదడును పరీక్షించుటకై వెన్నునుండి ద్రవమును తీసి, గాలి నెక్కించి, ఎక్స్‌రే పటము తీయుచుండిరి. దానివలన పిల్లలకు దుస్సహమైన తలనొప్పి కలుగుచుండెను. దానిని మాన్పుటకై బ్రాడ్లీ బెంజిడ్రిన్ అను ఉత్తేజకౌషధము నిచ్చెను. నొప్పి తగ్గలేదు, కాని కొందరు పిల్లలు మునుపెన్నడు లేని శ్రద్ధతో పాఠములు చదువుట ఉపాధ్యాయులు కనిపెట్టిరి. పిల్లలు వానికి లెక్కలమాత్రలని పేరిడిరి. బ్రాడ్లీ యీ సంగతిని తేలికగా విడువక, 30 మంది పిల్లలకు వారము దినములు ఆ మందిచ్చి పరిశీలించెను. 14 మంది చదువున మిక్కిలి వృద్ధిగాంచిరి. మందు మానిన నాడే యా గుణమును మాయమయ్యెను. ఈ ఫలితములను ఆయన 1937లో ప్రకటించెను. విచక్షణ లేక మందిచ్చినచో రోగమూలము మరుగుపడునని హెచ్చరించుటయు మరువలేదు.

దాదాపు 25 సంవత్సరములు లోకము దీనిని అంతగా లెక్కచేయలేదు. ఆయన 1948లో ఆరిగన్ రాష్ట్రమునకు తరలి, 1979లో మరణించెను. నేడు అవధానలోపము గల బాలురకు వైద్యులు ఆ జాతి మందులనే తగుమాత్రమున నిచ్చుచున్నారు. పరుగు, ఈత, ఆటలు మొదలగు వ్యాయామములు మనస్సు నిలుపుటకు కొంత తోడ్పడునని పరిశోధనలు తెలుపుచున్నవి. అయినను, మందు అవసరమైన బిడ్డకు ఆట దానికి తోడే కాని బదులు కాదు.

కావున తల్లిదండ్రులారా, కదలక యుండలేని బిడ్డను కొట్టకముందు వైద్యునకు చూపుడు. ఉపాధ్యాయులారా, శిక్షయని వాని యాటవేళను హరింపకుడు. విద్యార్థులారా, అట్టి సహపాఠిని గేలిచేయకుడు. వాని లోపము మనస్సున లేదు. సాయమందినచో వాడును చదువగలడు.