కైపర్ మేఖల

జెరార్డ్ కైపర్ 1905లో హాలండు దేశమున ఒక దర్జీకి కుమారుడై జన్మించెను. ఇతరులకు కానరాని మసక తారలను సయితము అతడు వట్టి కంటితోనే చూడగలిగెడివాడు. లైడెన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1933లో అమెరికా చేరెను. శనికి ఉపగ్రహమైన టైటానుపై వాయుమండలము కలదని 1944లో నిరూపించెను. 1948లో యురేనసు ఉపగ్రహమగు మిరాండాను, 1949లో నెప్ట్యూను ఉపగ్రహమగు నెరీడును కనుగొనెను.

సూర్యకుటుంబము పుట్టిననాడు నెప్ట్యూనునకు ఆవల హిమశకలముల వలయ మొకటి ఉండెననియు, ప్లూటో దానిని ఏనాడో చెదరగొట్టి యుండుననియు అతడు 1951లో ఊహించెను. ప్లూటో మిక్కిలి బరువైన గ్రహమని నాడు తలంచుటయే ఇందులకు కారణము. నిజమునకు అది మన చంద్రునికంటెను చిన్నది.

1973లో కైపర్ మరణించెను. 1992లో జ్యూయిట్, లూ అను శాస్త్రజ్ఞులు ఆ దూరసీమలోనే ఒక హిమశకలమును కనుగొనిరి. పిమ్మట అట్టివి వేలకొలది బయటపడినవి. 2019 జనవరి 1వ తేదీన న్యూ హొరైజన్స్ నౌక, సుమారు 36 కిలోమీటర్ల పొడవుగల ఆరొకోత్ చెంతగా సాగిపోయెను. రెండు ముద్దలు మెల్లగా అతుకుకొని ఏర్పడిన ఆ శకలము, సూర్యకుటుంబపు శైశవరూపమును నేటికిని కాపాడుకొనుచున్నది.

మిగిలి యుండదని తాను తలచిన మేఖలకే కైపర్ పేరు నిలిచినది. అతని సమాధానము తప్పినను, వేసిన ప్రశ్న తప్పలేదు. విద్యార్థులు గ్రహింపదగిన విషయమిదియే.