మలక్ హిఫ్నీ నాసిఫ్ అడిగిన చదువు

ఆడపిల్లల చదువు మాట వస్తే మిషన్ బడులను మెచ్చుకోవడం మనకు అలవాటు. అందులో అబద్ధం లేదు. అయితే ఆ బడులను తప్పుపట్టిన ఒక ముస్లిం ఉపాధ్యాయురాలి జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాం.

మలక్ హిఫ్నీ నాసిఫ్ 1886లో కైరోలో పుట్టారు. తండ్రి న్యాయకోవిదుడు, కవి. కూతుర్ని ఇష్టంగా చదివించాడు. 1900లో ప్రాథమిక పరీక్ష ప్యాసైన తొలి ఈజిప్టు బాలికల్లో ఆమె ఉన్నారు. సనియ్యా పాఠశాలలో టీచరు శిక్షణ పొంది కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. 1907లో ఫయ్యూం ప్రాంతపు బెదూయిన్ పెద్ద ఒకరితో పెళ్లి జరిగింది, ఉద్యోగం మానారు. ఆయనకు అప్పటికే భార్య, కూతురు ఉన్నారని అత్తింటికి వెళ్లాకే తెలిసింది. ఆ అమ్మాయికి పాఠాలు చెప్పే పని కూడా ఈమె మీదే పడింది.

ఈ సంగతి పుట్టింటికి చెప్పుకోలేదు. కలం పట్టారు. 'బాహిసత్ అల్ బాదియా', అంటే ఎడారిలో అన్వేషించే స్త్రీ, అన్న పేరుతో అల్ జరీదా పత్రికలో బహుభార్యాత్వాన్ని ఖండించారు, చదువుల తీరును ప్రశ్నించారు. ఆ వ్యాసాలు 1910లో పుస్తకమయ్యాయి.

విదేశీయుల బడుల మీద ఆమె ఫిర్యాదు ఒకటే. పిల్లలకు పరాయి భాష బాగా వస్తుంది, సొంత భాష, సొంత దేశం దూరమవుతాయి. ఇది చదివి మేమూ కాస్త ఇబ్బంది పడ్డాం, మన ఇళ్లలో తెలుగు చదవలేని పిల్లలు గుర్తొచ్చి.

చదువుకున్న ఆడవాళ్లు మగవాళ్ల ఉద్యోగాలు లాక్కుంటారన్న గోల అక్కడా ఉండేది. 1909లో మహిళల సభలో ఆమె దానికి జవాబిచ్చారు. నూలు వడకడం, నేయడం, బట్టలు కుట్టడం, పిండి విసరడం ఒకప్పుడు ఆడవాళ్ల పనులే. యంత్రాలు తెచ్చి ఆ పనులన్నీ తీసుకున్నది మగవాళ్లే కదా, ముందు లాక్కున్నదెవరని నిలదీశారు. ఎంత చక్కని లెక్క!

1911లో హీలియోపొలిస్‌లో జరిగిన ఈజిప్టు మహాసభకు ఆమె కొన్ని కోరికలు రాసి పంపారు. బాలికలకు నిర్బంధ ప్రాథమిక విద్య, స్త్రీలకు వైద్యవిద్య, ఉపాధ్యాయ శిక్షణ, మసీదుకు వెళ్లి బోధ వినే హక్కు అందులో ఉన్నాయి. సభలో ఒక పురుషుడు వాటిని చదివి వినిపించాడు. సభ అన్నింటినీ తోసిపుచ్చింది. ప్రాథమిక విద్యను బాలబాలికలిద్దరికీ తప్పనిసరి చేస్తూ 1923 రాజ్యాంగం వచ్చింది. అది చూడడానికి ఆమె లేరు. 1918 అక్టోబరులో, లోకాన్ని ఊడ్చేసిన ఫ్లూ జ్వరంతో 31 ఏళ్లకే కన్నుమూశారు.

ఆమె జీవితాన్ని 1920లో పుస్తకంగా రాసినది మే జియాదే. నజరేతులో 1886లోనే పుట్టిన క్రైస్తవ స్త్రీ, కన్యస్త్రీల బడుల్లో చదువుకున్నది. ఆమె తన మొదటి పుస్తకాన్ని ఫ్రెంచిలో రాసింది. మలక్ గురించి మాత్రం అరబ్బీలో రాసింది.