ఫిస్కే పక్కన ఉన్న పేరు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బయోకెమిస్ట్రీ చదివే విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులో ‘ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి’ అనే ప్రయోగం ఒకటి ఉంటుంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో లెక్కగట్టే ప్రయోగం అది. మార్కుల కోసం అందరం చేసేస్తాం. ఆ రెండో పేరు భీమవరంలో పుట్టిన మనిషిదని చాలామంది గమనించరు. హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని 13వ ఏట ఇల్లు వదిలి బయలుదేరితే దారిలో పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీ చదువుకి స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనుతో వెళ్తే ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టారు. ఆ రోజుల్లోనే స్ప్రూ వ్యాధితో, అంటే తిన్నది ఒంటబట్టని విరేచనాల జబ్బుతో, ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన పేదరికం నిజమే గాని, అది అక్షరం ఎరగని ఇల్లు కాదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది నేనే మొదలు. మనలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. అందుకని ఆయన కష్టమూ మన కష్టమూ ఒకటేనని చప్పట్లు కొట్టడం నాకు ఇష్టం లేదు. పోలిక కుదిరేది ఒక్కచోటే. ఆయన చదువు కూడా ఇతరుల డబ్బుతో సాగింది. అమెరికా వెళ్లడానికి సాయపడినవాటిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఒకటి. నాయకర్ గారు రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన సొమ్ము అది.

1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగేవారు, పగలు హార్వర్డ్‌లో చదివేవారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరారు.

రీఏజెంట్ అంటే ఒక పదార్థం ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో బయటపెట్టడానికి కలిపే రసాయనం. 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించిన పద్ధతిలో ముందు ఆమ్లంతో పాటు అమ్మోనియం మాలిబ్డేటు కలుపుతారు. అది ఫాస్ఫేటుతో కలుస్తుంది. ఆపైన అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత ముదురు.

అసలు కథ తర్వాత జరిగింది. కండ నుంచి తీసిన ద్రావణంలో ఈ నీలం రావలసినంత వేగంగా రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా పెరిగింది. రీఏజెంట్ పాడైందని పారబోసేవాళ్లే ఎక్కువ. వాళ్లు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండలో ఫాస్ఫేటు క్రియాటిన్‌ను అంటిపెట్టుకుని ఉందని, ఆమ్లంలో మెల్లగా విడిపోతోందని తేలింది. 1927లో వెలుగులోకి వచ్చిన ఫాస్ఫోక్రియాటిన్ అదే. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో దాని జాడ పట్టారు. కండ శక్తికి లాక్టిక్ ఆమ్లమే ఆధారమన్న అప్పటి నమ్మకం దీంతో కదిలిపోయింది. 1929లో ఏ.టి.పి. వచ్చింది. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు దాన్ని కనిపెట్టాడు.

1930లో పిహెచ్.డి. వచ్చింది గాని హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ వ్యాధికి అదే మందుగా పనికొచ్చింది. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. మన ఊళ్లలో పంచిన డి.ఇ.సి. మాత్రలు అవే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డుకునే మందులూ అక్కడే తయారయ్యాయి. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టగలిగాడు.

ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ తర్వాత ల్యాబ్ రీఏజెంట్ కూడా అయింది. మనకు కావలసిన మానవ ప్రోటీన్ జన్యువును హ్యామ్‌స్టర్ కణాల్లోకి పంపేటప్పుడు, ఆ కణాల్లో లేని డి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువును దానికి జత చేస్తారు. తర్వాత మెథోట్రెక్సేట్ మోతాదు పెంచుకుంటూ పోతారు. ఆ జన్యువుకు నకళ్లు పెంచుకున్న కణాలే బతుకుతాయి. పక్కనున్న జన్యువు నకళ్లూ దాంతోపాటే పెరుగుతాయి, ప్రోటీన్ దిగుబడి హెచ్చుతుంది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన టి.పి.ఎ., అంటే గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే రీకాంబినెంట్ ప్రోటీన్, ఇలాంటి కణాల్లో తయారైనదే. నోబెల్ రాలేదని ఆయన గురించి బాధపడేవాళ్లు ఈ సంగతి చెప్పరెందుకో.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. వెళ్లిన తర్వాత ఒక్కసారైనా ఇండియా తిరిగి రాలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు. 1919లో పెళ్లాడిన భార్యను బోస్టన్ వెళ్లాక మళ్లీ చూడలేదు. డబ్బు సాయం చేసిన మామగారి పేరు ఆయన జీవితకథల్లో కనిపిస్తుంది. ఇక్కడే ఉండి 26 ఏళ్లు ఎదురుచూసిన ఆవిడ పేరు శేషగిరి.