బొమ్మ ద్వారకకు వెన్నెల పోసిన శిల్పి

మొన్నటి సెలవులలో మూలపేట సముద్రతీరమున ఒక బాలుడు, ప్లాస్టిక్ ముక్కలను అతికించి తానే కూర్చుకొన్న యుద్ధపు టాంకు బొమ్మను ఇసుకపై నిలిపి ఫోటో తీయుచుండగా చూచినాను. జానెడు బొమ్మ. దానికి ముదురాకుపచ్చ రంగు పూసి, గొలుసు పట్టీలకు బురద రంగు అద్ది, అంచులలో తుప్పు చాయ కూడ దిద్దినాడు. నిలుచుండి తీసిన మొదటి పటములో అది బొమ్మగానే ఉన్నది. తరువాత వాడు ఇసుకలో బోర్లపడుకొని, కెమేరాను నేలకు ఆనించి, వాలుపొద్దు వెలుగులో మరియొకటి తీసినాడు. ఈమారు గుప్పెడు ఇసుకమెరక గుట్ట అయినది. జానెడు బొమ్మ ఉక్కు టాంకు అయినది. వానికి తెలియకయే వాని చేతికి చిక్కిన ఈ రహస్యమును జీవితమంతయు సాధన చేసిన ఒక మహనీయుడు నాకు జ్ఞప్తికి వచ్చినారు. ఆయన మార్కస్ బార్ట్లే.

ఆ పేరు వినగానే తెలుగువాడని ఎవరును అనుకొనరు. 1917లో ఆంగ్లో-ఇండియను కుటుంబమున జన్మించిన ఆయనకు తెలుగు మాతృభాష కాదు. పత్రికలకు ఛాయాచిత్రములు తీయుటతో ఆరంభించి, వార్తాచిత్రములకు పనిచేసి, అటుపిమ్మట కథాచిత్రములలో ప్రవేశించినారు. జరుగుచున్న సంఘటన ఛాయాగ్రాహకుని కొరకు ఆగదు. ఉన్న వెలుతురులో, ఉన్న చోటనుండి, ఉన్నదానిని ఉన్నట్లు పట్టుకొనవలెను. లేనిదానిని ఉన్నట్లు చూపుటలో తరువాత ఆయన సాధించిన నేర్పునకు ఈ శిక్షణయే పునాది అయినదని నా విశ్వాసము. నిజమైన వెలుగు ఎట్లుండునో ఎరుగనివాడు దానిని కల్పింపజాలడు గదా.

1945లో బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ'కు ఛాయాగ్రహణము ఆయనదే. పిమ్మట నాగిరెడ్డి, చక్రపాణి గారల విజయా సంస్థలో చేరి 'షావుకారు', 'పాతాళభైరవి', 'మిస్సమ్మ' చిత్రములను తెలుగువారికి కన్నులపండువు చేసినారు. అయినను ఆయన ప్రజ్ఞకు నికషోపలము 1957 మార్చి 27న విడుదలయిన 'మాయాబజార్'.

దర్శకులు కె.వి. రెడ్డిగారికి ద్వారకానగరము కావలసివచ్చినది. నిజముగా నగరమును కట్టుట ఎవరి తరము? మదరాసు వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో సుమారు 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలమున మూడువందల బొమ్మ ఇండ్లు వెలసినవి. ఒకదానివలె మరియొకటి లేదు. ఇంటింటికిని వేరువేరుగ విద్యుద్దీపము అమర్చినారు. దీనిని తీర్చినవారు కళాదర్శకులు గోఖలే, కళాధర్ గారలు. గోఖలేగారు 'బల్లకట్టు పాపయ్య' వంటి కథలు వ్రాసిన కథకులు కూడ. కథకుడు కట్టిన నగరము గనుకనే కాబోలు, ప్రతి ఇంటిలోను ఎవరో కాపురమున్నట్లే తోచును.

కట్టుట ఒక యెత్తు, చూపుట ఒక యెత్తు. బొమ్మను తెరమీద నిజమనిపించుటలోని చిక్కు పాఠకులకు కొంత విన్నవింపవలెను. దగ్గరనుండి చిన్నవస్తువును తీయునప్పుడు ముందుభాగము స్పష్టమయి వెనుకభాగము మసకబారును. ఆ మసకయే ఇది బొమ్మ సుమా అని చాటిచెప్పును. అంతయు స్పష్టముగ రావలెనన్న కటకపు రంధ్రమును కుదింపవలెను. రంధ్రము కుదించినకొలది వెలుతురు హెచ్చుగా కావలెను. వెలుతురు హెచ్చినచో రాత్రి రాత్రిగా మిగులదు. కిటికీలలోని చిన్ని దీపములు వెలవెలబోవును. రంగుల సంగతియు అట్టిదే. నలుపు తెలుపుల చిత్రములో కంటికి ఇంపైన ఎరుపును పచ్చయును ఒకే బూడిద రంగుగా కలిసిపోవచ్చును. కనుక గోడకు పూసిన రంగు కంటికి ఎట్లున్నదని గాక ఫిలుముపై ఎట్లుండునని యోచింపవలెను. కట్టువాడు, రంగు వేయువాడు, ఫోటో తీయువాడు ఒకే మనసుతో పనిచేసినగాని బొమ్మకు ప్రాణము రాదు. ఒకరి పొరపాటు ముగ్గురి శ్రమను వ్యర్థము చేయును.

ఆ చిత్రమందలి నౌకావిహారపు వెన్నెల సంగతి చెప్పనక్కరలేదు. అది ఆకాశమునుండి దిగిన వెన్నెల కాదు, బార్ట్లేగారు కల్పించిన వెన్నెల. అయినను ఆ పాట విన్నప్పుడెల్ల తెలుగువాని మనసులో కాయునది ఆ వెన్నెలయే. పాట వ్రాసినవారిని, పాడినవారిని, నటించినవారిని తలచుకొందుము. వెన్నెల ఎవరిదని అడుగువారు అరుదు.

'గుండమ్మకథ' తరువాత 1965లో రాము కరియత్ మలయాళమున తీసిన 'చెమ్మీన్'కు ఆయన ఛాయాగ్రహణము వహించినారు. తకళి శివశంకర పిళ్ళె నవలనుండి వచ్చిన ఆ జాలరి గాథ దక్షిణదేశమునుండి రాష్ట్రపతి స్వర్ణపతకము గెలిచిన తొలి చిత్రము. బొమ్మనగరమును నిజము చేసిన కన్ను ఇచట నిజమైన సముద్రమును, రంగులలో, ఒక పాత్రగా మార్చినది. 'శాంతి నిలయం' అను తమిళ చిత్రమునకు ఆయన ఉత్తమ ఛాయాగ్రాహకునిగ జాతీయ పురస్కారము పొందినారు. 1993లో కన్నుమూసినారు.

2010లో 'మాయాబజార్' రంగులు దిద్దుకొని తిరిగి విడుదలయినది. దిద్దినవారి శ్రమను నేను తక్కువచేయను. ఎందరో పిన్నలు ఆ రంగులవలననే ఆ చిత్రమును చూచినారు. అయితే ఆ వెన్నెల నలుపు తెలుపులకొరకు తూచిన వెన్నెల. తూచినవాడు ఆనాటికి లేడు. ఆయనను అడుగుటకు వీలులేకపోయినది. తెలుపు ఎంత ఉండవలెనో, నలుపు ఎంత మిగులవలెనో నిర్ణయించిన ఆ చేతిని స్మరింపక రంగులను మాత్రమే మెచ్చుకొనుట కృతజ్ఞత అనిపించుకొనదు.

స్టూడియోలో కట్టిన బొమ్మ ద్వారక చిత్రీకరణ ముగిసిన పిమ్మట ఎవరికి కావలెను? ఆ స్టూడియో ఆవరణలో నేడు ఆసుపత్రి, అంగడి సముదాయము వెలసినవి. కొయ్యయు రంగులును పోయినవి. వెలుగు మాత్రము మిగిలినది.

మూలపేటలో చీకటి పడుచుండగా ఆ బాలుడు టాంకును జేబురుమాలులో చుట్టి ఇంటిదారి పట్టినాడు. ఫోటో బాగున్నదని అన్నాను. వాడు బొమ్మ బాగున్నదని అన్నాననుకొని సంతోషించినాడు. బార్ట్లేగారికి మనమందరము చేసినది ఆ పొరపాటే.