ఒకాకురా కకుజో చరిత్రము

సంస్కరణమనఁగాఁ బూర్వుల సొత్తునంతయు వీథిలోఁ బాఱవైచుటయే యని తలంచువారు మనలోఁ గొందఱు కలరు. అట్టివారికి జపాను దేశీయుఁడగు ఒకాకురా కకుజో చరిత్రము పఠనీయము.

ఆయన 1863వ సంవత్సరమున యొకొహామా రేవుపట్టణమున నొక పట్టువర్తకుని యింట జన్మించెను. బాల్యముననే యింగ్లీషు నేర్చి, 1880లో టోకియో విశ్వవిద్యాలయమునఁ బట్టము నొందెను. ఆ కాలమున నా దేశము పాశ్చాత్యపద్ధతులను వేగముగా స్వీకరించుచుండెను. బౌద్ధాలయము లనాదృతములై, ప్రాచీన చిత్రములును శిల్పములును స్వల్పమూల్యమునకు విదేశీయుల పాలగుచుండెను. ఒకాకురా తన గురువును అమెరికా దేశీయుఁడును నగు ఫెనలోసాతోఁ గూడి, ఆలయముల వెంటఁ దిరిగి, వాని నుద్ధరింపఁ బూనుకొనెను. 1890లో టోకియో లలితకళాశాల కధ్యక్షుఁడయ్యెను. 1898లో నా పదవి విడువవలసి రాఁగా, శిష్యులతో స్వతంత్ర కళాపరిషత్తును నెలకొల్పెను.

1902లో నాయన కలకత్తాకు వచ్చి, మన సమాజమునకు మూలస్తంభమగు ఠాకూరు వంశమువారి యాతిథ్యము గైకొనెను. మఱుసటి యేఁట నాయన శిష్యులు తైకన్, షున్సో యను చిత్రకారు లచ్చటికి వచ్చిరి. నీటితో రంగులను మృదువుగాఁ గలుపు వారి విధానమును జూచి, అవనీంద్రనాథ ఠాకూరు తనదిగా మలఁచుకొనెను. ఆ వంగసంప్రదాయమునే ప్రమోదకుమార చట్టోపాధ్యాయుఁడు బందరులోని ఆంధ్రజాతీయ కళాశాలలో బోధించెను; మన అడివి బాపిరాజు ఆయన శిష్యుఁడే.

ఒకాకురా 1904 మొదలు అమెరికాలోని బోస్టను కళావస్తుశాలలోఁ బనిచేయుచు, 1906లోఁ దేనీటి సేవనుగూర్చి యింగ్లీషున నొక చిన్నగ్రంథము ప్రకటించెను. జెన్ బౌద్ధుల యాచారమునుండి వెలసిన తేనీటి గృహ మందు వర్ణితము. అది మన మైపాడు తీరమునందలి తాటియాకు పాకవలె నాడంబరము లేనిది. సుమారు పదియడుగుల చదరము. ద్వారము మూఁడడుగుల యెత్తునకు మించదు. ఎట్టి వీరుఁడైనను ఖడ్గమును వెలుపల విడిచి, తలవంచియే లోనికిఁ బోవలెను. అమెరికా గృహశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ గ్రంథమునందుఁ దన భావములనే కనుఁగొనెను.

1913లో నేఁబదియేండ్ల ప్రాయమున ఒకాకురా మృతినొందెను.

విగ్రహారాధనమును విడిచిన మనకు, విగ్రహమును జెక్కిన చేతిని నిరసించుట ధర్మము కాదు. విడువఁదగిన దాడంబరము, విడువఁదగినది గర్వము. మన ప్రార్థనామందిరముల ద్వారము లెత్తైనవి; తలవంపకయే లోనికిఁ బోవచ్చును. కావునఁ గులగర్వమును గుమ్మము వెలుపల విడుచుట మనమే బుద్ధిపూర్వకముగా నేర్చుకొనవలసియున్నది.